వెన్నగొడుగు పేజీ

గనిలోకి దిగిన ఏడు 46, రోజు 112

పంతొమ్మిదేళ్ల క్రితం జంజర్ల పోచమల్లు నాకొక మాట ఇచ్చాడు. "ప్రతి బొమ్మకు మాటలు నేను రాస్త భద్రం. కండ్లు లేనోడు సుత వేలు పెట్టి గుర్తుపట్టేటట్టు రాస్త," అన్నాడు. నా సైటులో మూడువందల నలభై పుట్టగొడుగుల బొమ్మలున్నాయి. అరవై ఒకటికి రాసి ఆపేశాడు. కారణం చెప్పలేదు. పంపుల దగ్గరికి బదిలీ అడిగి ఐదో మట్టానికి దిగిపోయాడు. ఆ తరువాత మేం మాట్లాడుకోలేదు.

ఈ సంగతి ఇవాళ రాయడానికి కారణం కమిటీ నుంచి వచ్చిన నోటీసు. మూడో గ్యాలరీ వంటశాల నడిపే కొమురమ్మ తమ్ముడు ఓదెలు రెండు రోజులుగా వైద్యగదిలో ఉన్నాడు. దొంగవెన్న తిన్నాడు. షిఫ్టు దిగి ఆకలితో వచ్చిన తమ్ముడికి ఆమే ప్రత్యేకంగా వేయించి పెట్టింది. అడిగితే, రేగుంట వీరభద్రం పేజీలో, అంటే నా పేజీలో, వెన్నగొడుగు సంగతి విని అలాగే కోశానని చెప్పిందట. విచారణ నూట ఇరవయ్యో రోజున. తప్పు ఆమెదని తేలితే కోత అనుమతి పోతుంది, దానితో వంటశాల పోతుంది. ఆమెకు పుట్టుకతో చూపు లేదు. ఆమెకు తెలిసిన పని అదొక్కటే.

వెన్నగొడుగు తింటారు. దొంగవెన్న తింటే పోతారు. రెండూ పైకప్పు ఆపడానికి నిలబెట్టిన దుంగల మీద పక్కపక్కనే మొలుస్తాయి, పైకి ఒకేలా ఉంటాయి. తేడా అడుగున ఉంటుంది: దొంగవెన్న కాడ కింద, బెరడు లోపల, చిన్న సంచి దాగి ఉంటుంది. ఈ ముక్క నా పేజీలో అన్నిటికంటే పైన, ఎర్ర గడిలో, పెద్ద అక్షరాలతో ఉంది. అది చూడకపోతే తప్పు నాదా?

రోజు 113

డెబ్బై నాలుగేళ్ల మోకాళ్లతో గంటసేపు పెడల్ తొక్కాను. నా తెర అరగంట వెలుగుతుంది. కరెంటంతా గాలి పంకాలకూ పంపులకూ పోవాలని ఇరవయ్యో ఏట అందరి తెరలూ తీసుకున్నారు. చెవి వెనక అతికించుకునే బిళ్ళ ఇచ్చారు. అది పేజీలను చదివి వినిపిస్తుంది. జనం సంతోషంగానే ఒప్పుకున్నారు. ఇరవై అడుగులకొక దీపం ఉన్న చోట పుట్టిన పిల్లలకు ఎలాగూ అక్షరం సరిగా ఆనదు. నేను మాత్రం పెడల్ తొక్కుతానని రాసిచ్చి తెర ఉంచుకున్నాను. నేను పైలోకంలో ఇరవై ఎనిమిదేళ్లు బతికిన మనిషిని. చదవడమంటే నాకు కళ్లతో చేసే పని.

నా సైటు మీద కమిటీ వారి తనిఖీ యంత్రాన్ని నడిపాను. అంధులకు అందుబాటు: నూటికి నూరు. అమరిక: నూటికి నూరు. ఆ ఫలితాన్ని కమిటీ పెద్ద కుంట లచ్చన్నకు పంపాను. ఈయన నా పేజీని ఒక్కసారైనా తెరిచాడని నేను అనుకోను. మార్కులైతే అర్థమవుతాయి.

రోజు 114

కొమురమ్మ వచ్చింది. గోడ పట్టుకోకుండా నడుస్తుంది. నా గుమ్మం దగ్గర సరిగ్గా ఆగింది.

"మిమ్ముల తిట్టనీకి రాలే సారూ. ఒక్క ముచ్చట అడుగనీకొచ్చిన. మీ పేజీ మీరు ఎన్నడన్న విన్నరా?"

"రాసినోన్ని నేనే గదమ్మా. వినుడెందుకు?"

"హెచ్చరిక యాడున్నది?"

"పైననే. కుడిపక్కన. ఎర్ర గడిల."

"నా చెవుల కుడిపక్క అంటూ ఏం లేదు సారూ. ముందు, ఎనుక. అంతే."

తన బిళ్ళ తీసి నా చెవి వెనక పెట్టింది. తెర ఆపమంది. ఆపాను. వెన్నగొడుగు పేజీ మొదలైంది.

చుక్క. చుక్క. చుక్క. చుక్క.

ఇదేమిటని అడిగాను.

"మీరే చెప్పాలె. నలభై ఉంటయి. నేను ఉల్లిగడ్డ కోసుకుంట లెక్కపెడ్త. గొడుగు పేరు వచ్చేటాల్లకు రెండు గడ్డలైతయి."

అప్పుడు గుర్తొచ్చింది. పేజీ పేరుకు పైన తోరణంలా ఉంటుందని చుక్కలు పేర్చాను. తెర మీద బాగుంటాయి. తరువాత బిళ్ళ "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని తొమ్మిదిసార్లు అంది. అవి నా లింకులు. ఎక్కడికి పోతాయో వాటి చుట్టూ ఉన్న బొమ్మలను చూస్తే తెలుస్తుంది.

"చాలు," అన్నాను.

"నాకు సుత చాలనిపిస్తది సారూ. ఐన ఇంటా. ఇంకెవరు చెప్తరు గొడుగుల గురించి?" అని లేచింది. "బిళ్ళ ఉంచుకోండ్రి. వంటశాలల ఇంకోటున్నది. ఆఖరిదాంక వినుండ్రి. పొయ్యి మీద మూకుడు పెట్టుకొని వినుండ్రి, అప్పుడు తెలుస్తది."

తమ్ముడు ఎలా ఉన్నాడని అడిగాను. "నిన్నటి సంది మూత్రం బంద్," అంది. గొంతు మారలేదు.

రోజు 115

మూకుడు పెట్టలేదు గానీ, గడియారం దగ్గర పెట్టుకుని చివరిదాకా విన్నాను.

చుక్కలు. పేరు. రుచి. ఎక్కడ మొలుస్తుంది. వేయించే విధానం, ఇది మూడో నిమిషంలో అయిపోతుంది. "దొంగవెన్నకూ దీనికీ తేడా కోసం పక్క బొమ్మ చూడండి" అన్న వాక్యం ఒకటి వచ్చింది. తరువాత బొమ్మలు. బిళ్ళ వాటిని ఇలా చదివింది: బొమ్మ. బొమ్మ. బొమ్మ. బొమ్మ. తరువాత మిగతా పేజీల పేర్లు మూడువందల ముప్పై తొమ్మిది. అన్నీ అయ్యాక, పదకొండో నిమిషంలో, హెచ్చరిక.

తెర మీద పైన కనిపించేది లోపలి వరసలో చివర ఉంది. గడిని ఎత్తి పైన అతికించినట్టు చూపించే ఏర్పాటు ఒకటుంటుంది. కన్ను ఆ ఏర్పాటును నమ్ముతుంది. బిళ్ళకు వరస ఒక్కటే తెలుసు. మూడో నిమిషంలో వేపుడు విన్న మనిషి పొయ్యి ముందు నిలబడి పదకొండో నిమిషం దాకా ఎందుకు వింటుంది?

"బొమ్మ" అన్న మాట నాది. పోచమల్లు వదిలేసిన రెండువందల డెబ్బై తొమ్మిదీ ఖాళీగా ఉంటే యంత్రం మార్కులు తగ్గించేది. ఒక మధ్యాహ్నం కూర్చుని అన్నిటికీ ఆ ఒక్క మాటే పెట్టాను. యంత్రం తృప్తి పడింది. ఇది నేను ఒప్పుకుంటాను. కానీ సైటు ఎముకల గూడు కట్టినవాడు పోచమల్లు. ఏది ముందు, ఏది వెనక అని పేర్చడం అతని పని. హెచ్చరికను తోకకు కట్టింది అతనే అయి ఉండాలి.

రోజు 116

దుమ్ము అణచడానికి నలభై రోజులకోసారి గ్యాలరీల్లోకి నీళ్లు వదులుతారు. ఈసారి నూట పంతొమ్మిదో రోజున. రెండు రోజుల్లో దుంగల నిండా గొడుగులు లేస్తాయి, సగం ఊరు బుట్టలు పట్టుకుని బయలుదేరుతుంది. కాబట్టి ఆగడానికి లేదు. బొమ్మకు మాటలు రాయడం మొదలుపెట్టి కొమురమ్మను పిలిపించాను.

"లేత పసుపు రంగు టోపీ, అంచున సన్నని ముడతలు," అని చదివాను.

"పసుపు వాసన తెలుసు సారూ. రంగు తెలవది."

"గుండ్రని, అందమైన..."

"అందం తీసెయ్యుండ్రి. అది తింటే అరుగది."

ఆమె రెండు దుంగముక్కలు తెచ్చింది. ఒకదాని మీద వెన్నగొడుగు, రెండోదాని మీద దొంగవెన్న. "ఇటియ్యుండ్రి చెయ్యి," అని నా చూపుడువేలు పట్టుకుని కాడ మీదుగా కిందికి, బెరడు చీలికలోకి తోసింది. మొదటిది నేరుగా చెక్కలోకి దిగింది, ఆరిన సున్నంలా పొడిగా తగిలింది. రెండోదాని అడుగున ఏదో పలచగా, తడిగా, గుడ్డు పెంకు లోపలి పొరలా వేలికి చుట్టుకుంది.

"గదే సంచి. దొరికిందా?"

దొరికింది. నలభై ఆరేళ్లుగా ఫొటోలు తీస్తున్న దాన్ని మొదటిసారి ముట్టుకున్నాను. పాత పుస్తకాల్లో నాయిక నడుము మీద వందల పద్యాలు చదివాను, ఎక్కడ ఏ పోలిక తప్పిందో చెప్పగలను. ఈ కాడ అడుగు గురించి ఒక్క వాక్యం నా దగ్గర లేకపోయింది. ఆమె చెప్పింది, నేను రాశాను. ఇద్దరం చేతులు రెండుసార్లు కడుక్కున్నాం.

"మొదటి అరవై ఒకటి ఎవరు రాసిన్రు సారూ? గవి చేతుల పెట్టినట్టున్నయి. మా వంటశాలల అందరికి నోటికొస్తయి. వెన్నగొడుగు సుత ఆయన రాసుంటే..." అని ఆగిపోయింది.

"ఎవరో. పంపుల దగ్గర మనిషి," అన్నాను.

వెళ్లబోతూ ఇంకో మాట అంది. "సారూ, మీరిప్పుడు హెచ్చరిక ముందు పెడ్తరు. మంచిదే. గని ఇచారణ నాడు లచ్చన్న పటేల్ చెవుల ఏమినబడ్తది? ముందే ఉన్నది గదా, ఇది అబద్ధమాడింది అంటడు."

నాకు అది తట్టలేదు. విచారణ అయ్యేదాకా ఆగమంటావా అని అడిగాను.

"నీళ్లు ఆగయి గద సారూ. పెట్టుండ్రి."

రోజు 117

మెట్లు దిగి ఐదో మట్టానికి వెళ్లాను. రెండుచోట్ల కూర్చున్నాను. అక్కడ పంపుల హోరులో అందరూ అరిచి మాట్లాడతారు, అరుస్తున్నట్టు ఎవరికీ అనిపించదు. పోచమల్లు మోకాళ్లదాకా రబ్బరు బూట్లతో నీళ్లలో నిలబడి బోల్టు బిగిస్తున్నాడు. ముసలివాడైపోయాడు. నన్ను చూసి బిగించడం ఆపలేదు.

"ఏం రా భద్రం, పందొమ్మిదేండ్లకు తొవ్వ దొరికిందా?"

"నీ మాట యాది చేద్దామని వచ్చిన."

"ఏ మాట?"

"ప్రతి బొమ్మకు రాస్తనంటివి."

"అంటి. రాయలే. ఐతే?"

"ఐతే ఒకడు మంచాన పడ్డడు. హెచ్చరిక అన్నిటికన్న ఎనుక వస్తున్నది. పేజీ కట్టినోనివి నువ్వు."

బోల్టు వదిలి నా వైపు తిరిగాడు. "ఎనుక పెట్టింది నేనా?"

"మరెవరు?"

"మూడుసార్లు ముందటికి జరిపిన. మూడుసార్లు నువ్వు ఎనుకకు గుంజినవ్. పొయి చూస్కో. మార్పులన్నీ తారీఖుతోని ఉంటయి."

"నాకు యాదికి లేదు."

"నీకెట్లుంటది? నీ మాటనే నిలవడె గద." నవ్వాడు. పళ్లు సగమే ఉన్నాయి. "మొదట ఉంటే నీ బొమ్మ కిందికి జారుతున్నదంటివి. నా రాత వంటింటి భాష అంటివి. నాకు యాష్టకొచ్చింది భద్రం. నీ అందం నీకే ముబారక్ అనుకున్న. ఈ పంపులు నయం. చెప్పిన పని చేస్తయి, ఎదురు మాట అనయి."

"నాలుగోసారి జరుపకపోయినవా మరి?"

మళ్లీ బోల్టు మీదికి వంగాడు. "బతుకుతడా?"

"ఇంకా చెప్తలేరు."

"కాడ ఇరవొద్దని మొట్టమొదట రాయి. ఇరిస్తే సంచి దుంగలనే ఉండిపోతది, చేతికి మంచిదే తగులుతది. వేలు బెరడు కిందికి పోనియ్యాలె. ఆఁ, ఇది సుత వంటింటి భాషనే. నీకు నచ్చితేనే పెట్టుకో."

పైకి ఎక్కడానికి గంటన్నర పట్టింది.

రోజు 118

సైటు ప్రతి పేజీ వరసలో జరిగిన ప్రతి మార్పునూ పేరుతో సహా దాచుకుంటుంది. పాత వరసలను తెరిచే తాళం నా ఒక్కడి దగ్గర ఉంది. ఇవాళ తెరిచాను.

మార్పు 88. హెచ్చరిక మొదటికి. జంజర్ల పోచమల్లు.

మార్పు 89. హెచ్చరిక వరసలో చివరికి. గడి పైన కుడివైపు కనిపించేలా. మొదట ఉంటే బొమ్మ కిందికి జారి అందం చెడుతోంది. రేగుంట వీరభద్రం.

మార్పు 90, అతనిది. 91, నాది: "పైన చెప్పిన కారణమే." 92, అతనిది: "వినేవాళ్ల కోసం." 93, నాది: "వినేవాళ్ల కోసం వంటశాలలు ఉన్నాయి. ఇది పుస్తకం లాంటిది. పదేపదే చెప్పించుకోవద్దు."

ఆ తరువాత పంతొమ్మిదేళ్లు ఈ పేజీ వరసను ఎవరూ ముట్టుకోలేదు.

వాక్యాలు నావే. విరామ చిహ్నాలు కూడా నేను పెట్టేలాగే ఉన్నాయి. ఇలాంటి వాక్యం రాసినవాణ్ణి నేను గుర్తుపట్టగలను, ఎక్కడైనా కనబడితే చీల్చి చెండాడతాను.

ఆరు వరసలు. తాళం నాదే కాబట్టి చెరపడానికి ఆరు నొక్కులు చాలు. కమిటీకి ఇవాళ్టి పేజీ తప్ప మరేదీ వినిపించదు. కొమురమ్మ మాటకు సాక్ష్యం ఈ ఆరు వరసలే. తెర అరగంటకు ఆరిపోయింది. మళ్లీ పెడల్ తొక్కలేదు.

రోజు 119

ఉదయం పెడల్ తొక్కి హెచ్చరికను మొదటికి జరిపాను. మార్పు 94. నాలుగోసారి. చుక్కల తోరణం తీసేశాను. "ఇక్కడ" అన్నచోటల్లా ఎక్కడికో రాశాను. విషపు గొడుగులు ఇరవై రెండిటికీ చేతికి, ముక్కుకు తెలిసే మాటలు పెట్టాను. మిగతావాటికి "బొమ్మ" తీసేసి, "వివరం ఇంకా రాయలేదు, దీన్ని కోయకండి" అని పెట్టాను. యంత్రం ఇప్పుడు అరవై మూడు మార్కులు ఇచ్చింది. మాటలు మరీ పొడవుగా ఉన్నాయట.

తెర మీద పేజీ వికారంగా ఉంది. బొమ్మ కిందికి జారింది.

కొమురమ్మ వంటశాలలో నిలబడి విన్నది. బిళ్ళను ఎంత వేగంగా నడుపుతుందంటే నాకు తేనెటీగల రొదలా ఉంది. "కాడను విరవకండి. వేలు బెరడు కిందికి పోనివ్వండి. గుడ్డు పెంకు లోపలి పొర లాంటిది తగిలితే వదిలేసి చేయి కడుక్కోండి." ఆమె తల ఊపింది.

"ఎంతసేపటికి వచ్చింది?" అన్నాను.

"ఉల్లిగడ్డ చేతిల పట్టుకున్న. ఇంక కత్తి తీయలే."

సాయంత్రం షిఫ్టుకు నీళ్లు వదిలారు. దుంగలన్నీ నల్లబడ్డాయి.

రోజు 120

విచారణ పాత దీపాల గదిలో. అరవై మంది దాకా వచ్చారు. లచ్చన్న చెవికి బిళ్ళ అతికించుకుని, అందరికీ వినబడేలా గొంతు పెంచి పేజీ నడిపాడు. మొదటి మాటే హెచ్చరిక.

"ఇగో, ముందటనే ఉన్నది గదా. ఏం కొమురమ్మా, చెవులు పొయ్యి మీద పెట్టినవా ఆ పూట?"

కొందరు నవ్వారు. కొమురమ్మ నా వైపు తిరగలేదు. నేను ఎక్కడ కూర్చున్నానో ఆమెకు తెలుసు.

అక్కడ నేను లేవకపోయినా ఎవరూ అడిగేవారు కాదు. నిజం చెప్పాలంటే రెండు మూడు నిమిషాలు లేవలేదు. పక్కన ఎవరో "పాపం సారు పేజీకి పేరు చెడగొట్టింది" అన్నారు. అప్పుడు లేచాను. ఆ జాలి నాకు పనికిరాదు.

"ముందట నిన్న పెట్టిన," అన్నాను. "మొన్నటిదాంక ఆఖరున ఉండె. పదకొండు నిమిషాలైతే గని వినబడకపోవు." కాగితం మీద రాసుకొచ్చిన ఆరు మార్పులూ తారీఖులతో చదివాను. చివరిది తొంభై మూడోది. వినేవాళ్ల కోసం వంటశాలలు ఉన్నాయి. ఆ గదిలో ఉన్నవాళ్లందరూ వినేవాళ్లే.

"మరి మీరు పంపిన ఫలితంల నూటికి నూరు ఉండెనాయె?" అన్నాడు లచ్చన్న.

"ఉండె. మీ యంత్రం బొమ్మకు మాట ఉన్నదా అని చూస్తది. ఏం మాటనో చూడది. హెచ్చరిక ఉన్నదా అని చూస్తది. ఎప్పుడు వస్తదో చూడది. దాన్ని కొన్నది మీ కమిటీ, నమ్మింది నేను. ఇద్దరం చదువుకున్నోళ్లమే."

కమిటీ అక్కడికక్కడే తేల్చింది. కొమురమ్మ అనుమతి అలాగే ఉంటుందన్నారు. సైటు తాళం నా దగ్గరనుంచి తీసి ఆమెకు ఇచ్చారు. ఇకమీదట ఏ పేజీ అయినా ఆమె విని సరేనన్నాకే బయటికి వస్తుంది. తాళం అందిస్తుంటే నా చెయ్యి తడిమి పట్టుకుంది.

"రేపు వస్తరు గద సారూ? రెండువందల యాభై ఏడు ఉన్నయి ఇంక."

"నీకు తాళమిచ్చిన్రు. నేనెందుకు?"

"నాకు చేతులున్నయి. పాత పుస్తకాల మాటలు లేవు. సగం మీరు చెప్పుండ్రి, సగం నేను కొట్టేస్త."

రోజు 121

ఓదెలుకు మూత్రం వచ్చింది. ప్రాణానికి భయం లేదన్నారు. మూత్రపిండాలు మాత్రం చెడిపోయాయి, గని పని ఇక చేయలేడు. వారానికి రెండుసార్లు రక్తం కడిగే యంత్రానికి కట్టుకుని పడుకోవాలి, బతికినంతకాలం. అతనికి ముప్పై ఒక్కేళ్లు. చూడటానికి వెళ్లాను. నన్ను గుర్తుపట్టాడు. "వేపుడు మస్తుండె సారూ," అన్నాడు.

దుంగల నిండా గొడుగులు లేచాయి. మూడో గ్యాలరీలో జనం వంగి, కాడ విరవకుండా, వేలు బెరడు కిందికి పోనిచ్చి చూస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి. మా వాక్యాలు అప్పుడే నోటికి వచ్చేశాయి. పంతొమ్మిదేళ్లలో నా వాక్యం ఎవరి నోటికీ వచ్చినట్టు నేను వినలేదు.

వెన్నగొడుగు పేజీ చివర, "ఈ పేజీలో హెచ్చరిక వెనకబడినందుకు బాధ్యుడు రేగుంట వీరభద్రం" అని కమిటీ చేర్చింది. అది నిజం. వాక్యం పేలవంగా ఉంది, అయినా మార్చమని అడగలేదు. అది అందరూ వినే చోటు.

ఈ దినచర్య కాగితం మీద రాస్తున్నాను. దీన్ని ఏ బిళ్ళా చదవదు. కాబట్టి ఇక్కడ మిగతాది కూడా రాయవచ్చు. నేను ఎలాంటివాణ్ణో నాకు తెలియని రోజుల్లోనే తెలిసినవాడు ఒకడున్నాడు. హెచ్చరిక ఎక్కడ ఉండాలో అతనికి తెలుసు. ఎవరి కోసం ఉండాలో తెలుసు. నాకు ఎదురు చెప్పగలిగినవాడు ఈ కిందిలోకం మొత్తంలో అతనొక్కడే. మూడుసార్లు జరిపాడు. నాలుగోసారి జరిపి ఉంటే నేను మళ్లీ వెనక్కి లాగేవాణ్ణేమో, లాగేవాణ్ణి కాదేమో. అది తెలిసే అవకాశం లేకుండా చేసి, విసుగొచ్చిందని చెప్పి, మంచివాడిగా నీళ్లలోకి దిగిపోయాడు. నా తప్పు నేను అరవై మంది ముందు ఒప్పుకున్నాను. అతని తప్పు ఎవరూ అడగలేదు. నేను అడుగుతూనే ఉంటాను. ఈ కాగితం మీద రెండో బాధ్యుడి పేరు:

జంజర్ల పోచమల్లు.